పికప్పా, మలుపా? మియాటా ప్రాజెక్టు డైరీ

బండి, పందెం

బండి ఎన్‌బీ మియాటా, అంటే 1998 ప్రాంతంలో వచ్చిన రెండో తరం మాజ్డా ఎంఎక్స్-5. ఇంజిన్ 1.8 లీటర్లు, టర్బో (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసి పవర్ పెంచేది) లేదు, పవర్ 140 హార్స్‌పవర్ దగ్గర్లో ఉంటుంది, బరువు 1050 కిలోలకి అటూ ఇటూ. డ్రైవ్ వెనక చక్రాలకి, సస్పెన్షన్ నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్ములు పట్టుకునే రకం), బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం. కాగితం మీద చూస్తే మలుపుల కోసమే పుట్టిన బండి.

మా ఫ్రెండ్ దగ్గరా ఇదే బండి ఉంది. వాడు మాత్రం టర్బో బిగించి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెట్టి, 200 హార్స్‌పవర్ దాటించాడు. వాడి మాట ఒక్కటే: "రేయ్, ముందు బండికి పికప్ ఉండాలిరా, స్టీరింగ్ ఎవడైనా తిప్పుతాడు." వాడి పక్క సీట్లో కూర్చుంటే ఆ మాట నిజమే అనిపిస్తుంది, రెండో గేర్లో తల వెళ్లి సీటుకి తగులుతుంది మరి. కానీ మేమిద్దరం వెళ్లే ట్రాక్ చిన్నది, మలుపులు ఎక్కువ, పొడుగైన స్ట్రెయిట్ ఒక్కటే. అక్కడ ఎవరిది తక్కువ టైమో తేల్చుకుందామనుకున్నాం. నాకు నేను పెట్టుకున్న షరతు ఒకటే: గ్రిప్ వైపు చేయగలిగిందంతా చేసేదాకా ఇంజిన్ మీద చెయ్యి వేయకూడదు. అసలు మలుపు వల్ల ఎంత టైము మిగులుతుందో విడిగా కొలవాలంటే వేరే దారి లేదు.

ముందు కొలత

ఏం మార్చినా ముందూ తర్వాతా కొలవకపోతే అదంతా ఒట్టి ఊహే. "బాగా పట్టుకుంటోంది" అనే మాటని నేను నమ్మను, కొత్త పార్టు బిగించిన ప్రతివాడికీ బండి బాగా పట్టుకుంటున్నట్టే ఉంటుంది.

అనుమతి తీసుకుని, జనం రాని తారు మైదానంలో మధ్యలో ఒక మేకు కొట్టి, టేపు లాగి, 30 మీటర్ల వ్యాసార్ధంతో సున్నపు గీత గీసి దాని వెంట కోన్లు పెట్టాం. 30 అని ఎందుకంటే రోడ్ అండ్ ట్రాక్ పత్రిక వాళ్ల స్కిడ్‌ప్యాడ్ (మలుపులో పట్టు కొలిచే గుండ్రటి దారి) 200 అడుగుల వ్యాసం, అంటే వ్యాసార్ధం 30.48 మీటర్లు. నా అంకెల్ని వాళ్ల అంకెల పక్కన పెట్టి చూసుకోవచ్చు (ఆ తారు వేరు, ఈ తారు వేరు, కాబట్టి సుమారుగానే). గీత వదలకుండా బండి ఎంత వేగంగా తిరగగలదో అంత వేగంతో తిప్పి, ఒక చుట్టుకి ఎంత టైము పట్టిందో చూడడం, ఎడమ వైపూ కుడి వైపూ తిప్పి సగటు తీయడం, అంతే పని. టైము తెలిస్తే వేగం తెలుస్తుంది, వేగాన్ని వేగంతోనే గుణించి వ్యాసార్ధంతో భాగిస్తే పక్కకి లాగే త్వరణం వస్తుంది, దాన్ని 9.81తో భాగిస్తే g, అంటే గురుత్వ త్వరణంతో పోలిస్తే అది ఎంతో.

నా బండి చుట్టుకి 12.0 సెకన్లు తీసుకుంది. అంటే 56.5 కిలోమీటర్ల వేగం, 0.84 g. ఫ్రెండ్ బండి 12.2, అంటే 0.81. టర్బో, పైపులు, ఇంటర్‌కూలర్ బరువంతా వాడికి ముందు వైపే చేరింది, మలుపులో ముందు చక్రాలు ముందే చేతులెత్తేస్తున్నాయి. సున్నా నుంచి వంద మాత్రం వాడిది 6.4 సెకన్లు, నాది 8.6. ఇక్కడ వాడు నవ్విన నవ్వు డైరీలో రాయడానికి వీలుకాదు.

టైర్లు

పాతవి 195/50 ఆర్15 (మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో) టూరింగ్ టైర్లు, గట్టి రబ్బరు, ఇంకా బోలెడు జీవితం మిగిలున్నవి. వాటిని పక్కన పెట్టి 205/50 ఆర్15 సైజులో ట్రెడ్‌వేర్ (అరుగుదల అంకె, తక్కువైతే రబ్బరు మెత్తన) 200 రేటింగ్ ఉన్నవి వేయించా. అమెరికాలో ఎస్‌సీసీఏ అనే రేసింగ్ క్లబ్బు నడిపే ఆటోక్రాస్ (కోన్ల మధ్య టైము పందెం) స్ట్రీట్ క్లాసుల్లో 200 కంటే తక్కువ రేటింగ్ టైర్లని ఒప్పుకోరు, అందుకే కంపెనీలన్నీ తమ మెత్తటి రబ్బరుని సరిగ్గా ఆ అంకె దగ్గరకి తెచ్చి ఆపాయి. అంటే రోడ్డు మీద నడిపే టైర్లలో గట్టి పోటీ అంతా అక్కడే ఉంది.

ఇంకే మార్పూ చేయకుండా మళ్లీ అదే గీత మీద తిప్పితే 11.5 సెకన్లు, 0.91 g. కొత్త స్ప్రింగుల్లేవు, కొత్త షాకుల్లేవు, రబ్బరు ఒక్కటే మారింది. మొదటి డబ్బు టైర్లకే పెట్టండి అని పాతవాళ్లు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది ఇందుకే.

దీనికి తిరగేసిన ఉదాహరణ టయోటా జీటీ86. 2012లో ఆ స్పోర్ట్స్ కారుని మిషెలిన్ ప్రైమసీ టైర్లతో వదిలారు, మైలేజీ కోసం కొనే ప్రియస్‌కి కూడా వేసిన రకం. పట్టు తక్కువైతే మామూలు వేగాల్లోనే బండి వెనక భాగం జారుతూ ఆడుకోనిస్తుంది, అదే వాళ్లకి కావలసింది. ఆ బండి సరదాగా ఉంటుంది, నాకు ఇష్టం కూడా. కానీ నా పందెం సరదాకి కాదు, టైముకి.

బరువు ఎటు పోతోంది

మలుపులో బరువు బయటి చక్రాల మీదకి వెళ్తుందని అందరికీ తెలుసు. ఎంత వెళ్తుందో మాత్రం చాలామంది లెక్క వేసుకోరు. బండి బరువుని g తోనూ గురుత్వ కేంద్రం ఎత్తుతోనూ గుణించి, కుడి ఎడమ చక్రాల మధ్య దూరంతో భాగించాలి. గురుత్వ కేంద్రం ఎత్తు 46 సెంటీమీటర్లని అంచనా వేసుకున్నా, చక్రాల మధ్య దూరం 1.42 మీటర్లు. 0.91 g దగ్గర దాదాపు 310 కిలోలు లోపలి వైపు నుంచి బయటి వైపుకి వెళ్లిపోతున్నాయి. నిలబడి ఉన్నప్పుడు ఒక్కో వైపు 525 కిలోలుంటే, మలుపులో బయటి వైపు 835, లోపలి వైపు 215. లోపలి చక్రాలు పేరుకే నేల మీద ఉన్నట్టు.

ఇందులో నష్టం ఏమిటంటే, టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపవదు, కాస్త తక్కువే పెరుగుతుంది. బయటి టైరుకి కలిసొచ్చింది లోపలి టైరు పోగొట్టుకున్నదానికి సరిపోదు, మొత్తం మీద బండి పట్టు తగ్గుతుంది. గట్టి స్ప్రింగులు వేస్తే ఈ బదిలీ తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు. బండి ఒరగడం తగ్గుతుంది, బదిలీ మొత్తం దాదాపు అలాగే ఉంటుంది. అది తగ్గాలంటే బండి ఎత్తో బరువో తగ్గాలి, లేదా చక్రాల మధ్య దూరం పెరగాలి. స్ప్రింగులూ యాంటీ రోల్ బార్లూ (కుడి ఎడమ చక్రాల్ని కలుపుతూ ఒరగడాన్ని తగ్గించే కడ్డీలు) చేసేది వేరే పని, ఆ 310 కిలోల్లో ముందు జత ఎంత మోయాలి, వెనక జత ఎంత మోయాలి అనే వాటా మార్చడం.

తిన్నటి దారిలో పందెం వేసే డ్రాగ్ రేసు వాళ్లకి ఇదే బరువు బదిలీ వరం. యాక్సిలరేటర్ నొక్కగానే బరువు ముందు నుంచి వెనక్కి వెళ్తుంది, లాగే చక్రాలు వెనకే ఉన్నాయి కాబట్టి ఎంత ఎక్కువ వెళ్తే అంత పట్టు. అందుకే డ్రాగ్ బళ్లకి ముందు భాగం సులువుగా లేచేలా, వెనక భాగం కూర్చునేలా మెత్తగా పెడతారు, వెనక టైర్ల పక్కగోడలు ఎత్తుగా, ముడతలు పడేంత మెత్తగా ఉంటాయి. 2018 డాడ్జ్ ఛాలెంజర్ ఎస్‌ఆర్‌టీ డీమన్ దీనికి చివరి మెట్టు: రేసు ఇంధనం పోస్తే 840 హార్స్‌పవర్, డ్రైవర్ సీటు ఒక్కటే ఇచ్చేవారు, మిగతా సీట్లు కావాలంటే విడిగా అడగాలి. డ్రాగ్ స్ట్రిప్పు కోసం సన్నటి ముందు చక్రాల జత కూడా ఉండేది. స్ట్రిప్పు మీద ఆ బండి ముందు చక్రాలు గాల్లోకి లేచేవి. గాల్లో ఉన్న ముందు చక్రాలతో మలుపు ఎలాగూ కుదరదు, వాళ్లకది అక్కర్లేదు కూడా. మా ఫ్రెండు చిన్న స్థాయిలో అదే దారి పట్టాడు: వెనక మెత్తటి స్ప్రింగులు, వెనక క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలిన కోణం) దాదాపు సున్నా. లాంచ్‌కి, అంటే నిలబడ్డ చోటు నుంచి దూకడానికి, బ్రహ్మాండం. మలుపులో ఆ వెనక భాగం ఎప్పుడు కుదుటపడుతుందా అని వాడే ఎదురుచూడాలి.

అలైన్‌మెంట్, తుప్పు బోల్టు

స్కిడ్‌ప్యాడ్ మీద నుంచి దిగగానే ప్రోబ్ థర్మామీటర్ సూదిని ముందు బయటి టైరు రబ్బరులో మూడు చోట్ల గుచ్చి చూశా. బయటి అంచు 86 డిగ్రీలు, మధ్యలో 78, లోపలి అంచు 68. అంటే టైరు బయటి అంచు మీదే బతుకుతోంది, లోపలి భాగం ఊరికే షికారు చేస్తోంది. నెగెటివ్ క్యాంబర్ చాలట్లేదు, చక్రం పైభాగం ఇంకాస్త లోపలికి వాలాలి.

ఈ బండిలో క్యాంబర్ మార్చాలంటే సస్పెన్షన్ కింది ఆర్మ్ లోపలి చివర ఉండే ఎక్సెంట్రిక్ (తిప్పితే ఆర్మ్ లోపలికో బయటికో జరిగే) బోల్టుల్ని తిప్పాలి. అవి తిరిగితే గంట పని, తిరగకపోతే రోజులు. వెనక కుడివైపుది ససేమిరా అంది. పానా పట్టుకుని బలంగా లాగితే బోల్టు తల తిరుగుతోంది, దాంతోపాటే దాని చుట్టూ ఉండే బుష్ రబ్బరూ మెలితిరుగుతోంది, చెయ్యి తీస్తే టక్కున వెనక్కి వచ్చేస్తోంది. బోల్టూ బుష్ లోపలుండే ఇనుప గొట్టమూ తుప్పుతో ఒక్కటైపోయాయి. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేశా, వేడి పెట్టా, సుత్తితో బతిమాలా. చివరికి బుష్‌కి రెండు వైపులా ఉండే సన్నటి సందులో రంపపు బ్లేడు దూర్చి బోల్టుని రెండు చోట్ల కోయాల్సి వచ్చింది. కోసిన ముక్క చూస్తే పైన మామూలుగానే ఉంది, మధ్యలో పొరలు పొరలుగా ఉబ్బిన గోధుమరంగు తుప్పు. కొత్త బోల్టులన్నిటికీ తుప్పుతో బిగుసుకోకుండా ఆపే యాంటీ సీజ్ పేస్టు దట్టంగా పూసి బిగించా. మీ దగ్గర పాత మియాటా ఉంటే ఈ బోల్టులు నాలుగు వైపులా తిరుగుతున్నాయో లేదో అలైన్‌మెంట్‌కి ఇచ్చే ముందే చూసుకోండి.

చివరికి పెట్టిన సెట్టింగ్: ముందు క్యాంబర్ మైనస్ 2.5 డిగ్రీలు, వెనక మైనస్ 2, ముందు టో (పైనుంచి చూస్తే చక్రాల మొనలు తిరిగిన కోణం) సున్నా, వెనక కొంచెం టో-ఇన్ (మొనలు లోపలికి). టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడు 26 పీఎస్‌ఐ, వేడెక్కితే 30 దగ్గర ఆగుతోంది. థర్మామీటర్ ఇప్పుడు బయట 80, మధ్య 79, లోపల 84 చూపిస్తోంది. లోపలి అంచు కాస్త వేడిగా ఉండడం మంచిదే, తిన్నగా వెళ్లేటప్పుడు దాని మీదే నడుస్తుంది కాబట్టి.

స్కిడ్‌ప్యాడ్ 11.3 సెకన్లు, 0.95 g, 60 కిలోమీటర్ల వేగం.

దీనికి చెల్లించింది కూడా ఉంది. గట్టిగా బ్రేకు వేస్తే ముందు చక్రాలు మునుపటికంటే ముందే లాక్ అవుతున్నాయి, తిన్నటి దారిలో వాలిన టైరు పూర్తి వెడల్పు నేలకి ఆనదు మరి. క్యాంబర్ ఇంకా పెంచితే మలుపులో దొరికేది తగ్గుతూ, బ్రేకుల్లో పోయేది పెరుగుతూ వస్తుంది. అందుకే 2.5 దగ్గర ఆపేశా.

మూడున్నర కిలోమీటర్ల విలువ

ఇంత కష్టపడి 56.5 నుంచి 60కి వెళ్లాం, మూడున్నర కిలోమీటర్లు. "దీనికా ఇంత హడావిడి?" అన్నాడు వాడు. వేగం గ్రిప్ వర్గమూలంతో పెరుగుతుంది కాబట్టి గ్రిప్ 13 శాతం పెరిగినా వేగం 6 శాతమే పెరుగుతుంది, చూడ్డానికి నిజంగానే చిన్న అంకె. అందుకే కూర్చోబెట్టి లెక్క చూపించా.

30 మీటర్ల వ్యాసార్ధంతో ఒక అర్ధవృత్తం, దాని తర్వాత 200 మీటర్ల స్ట్రెయిట్ అనుకుందాం. స్ట్రెయిట్‌లో సగటు త్వరణం సెకనుకి సెకనుకి 2.5 మీటర్లు, నా బండికి ఇది కొంచెం ఉదారంగా వేసిన అంకే. పాత టైర్లతో 56.5 దగ్గర బయటికొస్తే స్ట్రెయిట్ దాటడానికి 7.84 సెకన్లు. 60 దగ్గర బయటికొస్తే 7.63. ఇప్పుడు మలుపు పాత వేగంతోనే తిప్పి, త్వరణాన్ని మాత్రం పది శాతం పెంచితే? అదీ 7.63! అంటే 200 మీటర్ల స్ట్రెయిట్‌లో ఆ మూడున్నర కిలోమీటర్లూ, పది శాతం అదనపు లాగుడూ సరిసమానం. కానీ గ్రిప్ ఉన్న బండి అర్ధవృత్తంలోనే 0.35 సెకన్లు మిగుల్చుకుని వచ్చింది, పవర్ పెంచిన బండికి అక్కడ మిగిలింది సున్నా.

స్ట్రెయిట్ పొడుగైతే కథ మారుతుంది, ఇదీ చెప్పాలి. అదే లెక్కని 400 మీటర్లకి వేస్తే స్ట్రెయిట్‌లో పవర్ వల్ల 0.40 సెకన్లు మిగిలితే, బయటికొచ్చే వేగం వల్ల మిగిలేది 0.26 మాత్రమే. మలుపులోది కలిపితే ఇంకా గ్రిప్పే ముందుంది, కానీ స్ట్రెయిట్ పొడుగయ్యేకొద్దీ తేడా కరుగుతూ పోతుంది. రెండు పొడుగాటి స్ట్రెయిట్లూ రెండు మలుపులూ ఉన్న ట్రాక్ అయితే నేను కూడా టర్బోనే కొనేవాణ్ణి.

పెద్ద బళ్ల సంగతి చూస్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రిమాక్ నెవెరా కరెంటు కారు, 1914 హార్స్‌పవర్, సున్నా నుంచి వంద 1.81 సెకన్లు, బరువు రెండు టన్నులు దాటుతుంది. 2023లో జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ నోర్డ్‌ష్లైఫ్ ట్రాక్‌ని 7 నిమిషాల 5.298 సెకన్లలో చుట్టింది. అదే 20.8 కిలోమీటర్ల చుట్టుని అంతకు ముందు ఏడాది పోర్షె 911 జీటీ3 ఆర్‌ఎస్ 6 నిమిషాల 49.328 సెకన్లలో ముగించింది, 525 హార్స్‌పవర్‌తో, సున్నా నుంచి వంద 3.2 సెకన్లతో. పవర్ నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, టైము 16 సెకన్లు తక్కువ. ఆ పోర్షె 1450 కిలోలు, పైగా 285 కిలోమీటర్ల వేగంలో దాని రెక్కలు 860 కిలోల డౌన్‌ఫోర్స్ (గాలి బండిని కిందికి నొక్కే బలం) ఇస్తాయని కంపెనీ లెక్క. బరువు పెరగకుండానే టైర్ల మీద బరువు పడడమంటే అదీ. ఆ ట్రాక్‌లో రెండు కిలోమీటర్లు దాటిన స్ట్రెయిట్ ఉండి కూడా ఇదీ ఫలితం.

మా ఇద్దరి ల్యాపులు

ట్రాక్ మీద నా ల్యాపు 58.4, వాడిది 59.1. స్ట్రెయిట్ చివర వాడు నన్ను సులువుగా దాటేస్తాడు, ఆ తర్వాతి రెండు మలుపుల్లో నేను మళ్లీ వాడి బంపర్ దగ్గర ఉంటా. జీపీఎస్ లాగర్ రాసిన వేగం గీతలు ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే శిఖరాలన్నీ వాడివే ఎత్తు, లోయలన్నీ నావే లోతు తక్కువ.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆ లోయల తర్వాతి భాగం. వాడికి నాకంటే ఎంతో పవర్ ఉంది, అయినా మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు వాడి గీత నాకంటే ఆలస్యంగా పైకి లేస్తోంది. టైరుకున్న పట్టు ఒకే బ్యాంకు ఖాతా లాంటిది, మలుపుకి ఖర్చయ్యాక మిగిలిందే యాక్సిలరేటర్‌కి. 0.95 పట్టులో 0.85 మలుపుకి పోతే లెక్క ప్రకారం 0.4 g దాకా మిగులుతుంది, లాగేది వెనక చక్రాలే కాబట్టి అందులో దాదాపు సగం, 0.2. నా ఇంజిన్ మూడో గేర్లో ఇచ్చేది ఇంచుమించు అంతే, అందుకే నేను మలుపు మధ్య దాటగానే పెడల్ని చివరిదాకా నొక్కేయగలను. వాడు అలా నొక్కితే వెనక చక్రాలు జారతాయి, నొక్కకపోతే టర్బో దండగ. పట్టు లేని పవర్ నేల విడిచి సామే.

అక్కడితో ఆపి ఉంటే నా పందెం గెలిచినట్టే. కానీ వాడు "నీ చక్రాలు ఓసారి ఇవ్వరా" అన్నాడు. రెండు బళ్లకీ చక్రం బోల్టులు నాలుగే, అవి కూర్చునే వృత్తం వ్యాసం (పీసీడీ) 100 మిల్లీమీటర్లే, జాకీ ఎత్తి మార్చడం నిమిషాల పని. నా టైర్లతో, వేరే ఏ మార్పూ లేకుండా, వాడి బండి 57.2 కొట్టింది. అదే టర్బో, అదే మెత్తటి వెనక స్ప్రింగులు. టర్బో కోసం వాడు పెట్టిన ఖర్చులో చాలా భాగం ఇన్నాళ్లూ పాత రబ్బరు దగ్గరే ఆగిపోయి ఉందన్నమాట. వాడిప్పుడు నా సైజు టైర్లే తెప్పిస్తున్నాడు, వెనక క్యాంబర్ ఎంత పెట్టాలని అడుగుతున్నాడు, లాంచ్ పాడవుతుందేమోనని ఒకటే టెన్షన్ పడుతున్నాడు. మైనస్ 1.2తో మొదలుపెట్టమన్నా.

ఇప్పుడు చేతిలో ఉన్న పని

నా బండిలో ఓపెన్ డిఫరెన్షియల్ ఉంది, అంటే వెనక రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మామూలు గేర్ల అమరిక. వెనక యాంటీ రోల్ బార్ గట్టిది వేస్తే ముందు చక్రాల మీద భారం తగ్గి బండి ఇంకా బాగా తిరుగుతుంది, కానీ వెనక లోపలి చక్రం తేలికైపోయి మలుపు బయట ఊరికే తిరుగుతుంది, ఓపెన్ డిఫరెన్షియల్ బలమంతా దాని పాలే అవుతుంది. వంపు బాగా ఎక్కువున్న రెండు ఎడమ మలుపుల్లో ఇప్పటికే లోపలి టైరు కీచుమంటోంది. అందుకని ముందు, ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా పట్టుకునే టోర్సెన్ రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ దింపాలి, ఆ తర్వాతే వెనక బార్ సంగతి. వాడేసిన డిఫరెన్షియల్ ఒకటి దొరికింది, గేర్ల మధ్య ఆట (వదులు) కాస్త ఎక్కువగా ఉన్నట్టు అనిపిస్తోంది. దాన్ని విప్పి, సన్నటి కదలికల్ని కొలిచే డయల్ గేజితో కొలిచాక అంకెలు ఇక్కడే రాస్తా.